రెండు బొమ్మల కెమెరాకు వెడల్పు లెన్సు

హనుమండ్లు పొద్దున ఫోటో దుకాణం షట్టరు లేపితే ఆ చప్పుడుకు హుజూరాబాద్ బస్టాండు పావురాలు జమ్మికుంట దాకా ఎగిరిపోయి, అక్కడ నాలుగు గింజలు తిని తిరిగొచ్చేవని చెప్తే మీరు నవ్వుతరు. నవ్వితే నవ్వండి గాని, చూసినోళ్ళు ఇంకా బతికే ఉన్నరు. షట్టరు లేపినంక ఆయన చేసే పని రోజూ ఒక్కటే. వాకిట్ల నీళ్ళు చల్లుడు, పటానికి ఊదుబత్తి ముట్టించుడు, గూట్లో నుంచి కెమెరా తీసి పాత ధోతి ముక్కతో తుడుచుడు. అంతలోనే పాలాయన వచ్చి, ఎవరూ చెప్పకుండనే క్యాను కింద పెట్టి, గడప ముందు చేతులు కట్టుకొని నిలబడేటోడు.

“నీళ్ళు కలిపినవా?” కెమెరా కంటికి ఆనించి అడిగేటోడు హనుమండ్లు.

“రామరామ. లేదన్నా.”

“రెండు కనవడుతున్నవ్.”

“చారెడు కలిపిన.”

“ఇంకా రెండే.”

“సరే తియ్యి, చెంబెడు. పాలు మరీ చిక్కగున్నయని కలిపిన.”

“ఇగో, గిప్పుడు ఒక్కటైనవ్. గిన్నె తెస్త ఆగు.”

ఆ కెమెరా సంగతి తెలియనోళ్ళ కోసం ఒక్క ముక్క. అది రీలు వేసే పాతకాలపు రేంజ్‌ఫైండర్. దాని కిటికీలోంచి చూస్తే నడిమధ్యల పసుపుపచ్చని చిన్న గడి ఉంటది. ఆ గడిలో ఎదుటి మనిషి రెండు బొమ్మలై కనిపిస్తడు. లెన్సు తిప్పుకుంట పోతే ఒక బొమ్మ మెల్లగ జరిగి రెండోదాని మీద పడి ఒక్కటైతది. అప్పుడు ఫోకస్ కుదిరినట్టు, బటన్ నొక్కాలె. లోకంలోని ఇట్లాంటి కెమెరాలన్నీ ఇంతే. హనుమండ్లు దాంట్లో మాత్రం, మనిషి అప్పుడు ఆడిన మాట అబద్ధమైతే, లెన్సు ఎంత తిప్పినా ఆ రెండు బొమ్మలు కలవవు. ఎందుకు కలవవని ఎవరూ అడగలే. బోరింగు నీళ్ళు ఎండకాలం చల్లగ, చలికాలం వెచ్చగ ఎందుకుంటయని ఎవరన్న అడుగుతరా?

ఆ కెమెరా వచ్చినంక జిల్లాలో తడిబట్టల ప్రమాణాలు బందైనయి. అంతకుముందు ఎవరి మీదనన్న నింద పడితే నెత్తి మీద బిందెడు నీళ్ళు పోసుకొని గుడి మెట్ల మీద ప్రమాణం చేసేది. నిజం బయటపడ్డా పడకున్నా జలుబు మాత్రం ఖాయం. ఇప్పుడు ఆ తిప్పలు లేవు, హనుమండ్లు ముందుకొచ్చి నిలబడితే చాలు. ఆయన తీర్చిన తగాదాలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే మానేరు డ్యాం కట్ట కంటే ఎత్తైతయి.

అయితే ఇన్నేండ్లు ఆ గడిలోంచి లోకాన్ని చూసి చూసి ఆయనకు మనుషుల మీద నమ్మకం అడుగంటింది. చాయ్‌లో చక్కెర వేసిన్నంటే గూడ కెమెరా దిక్కు చూసేటోడు. భార్య దేవవ్వ ఒక్కతే ఆయనకు ఎదురు నిలిచిన మనిషి. “నన్ను గనక దాంట్లకెళ్ళి జూసినవో, గా డబ్బను తీస్కపోయి బాయిల పడేస్త” అని పెండ్లైన కొత్తలోనే చెప్పింది. ఆయన ఎన్నడూ చూడలే. చూడలేదు కాబట్టి ఆమె మీద అనుమానం మిగతా అందరి కంటే ఒక వీసం ఎక్కువే ఉండేది.

అట్లాంటి ఒక పొద్దున సిరిసిల్ల నుంచి పర్శరాములు వచ్చిండు. మరమగ్గాల ఆసామి. రెండు షెడ్లు, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు. ఆయన మీసం సిరిసిల్లలో మలుపు తిరిగితే కొన వేములవాడలో కనబడేది. ఆ రోజు ఆ మీసం కిందికి వాలి ఉన్నది.

“హనుమండ్లన్నా, నా అంచు పోయింది.”

“ఏం అంచు?”

“కందిపువ్వు అంచు. చలికాలమంత కూసోని గీసిన. మగ్గానికి పువ్వు చూపెట్టే జకార్డ్ అట్టలకు బొక్కలు నా చేతుల్తోనే గుద్దిన. సీజన్ల బజార్ల దించుదామని చీరలన్ని అర్రల పెట్టి తాళమేసిన. మొన్న చొప్పదండిల ఒకని దుకాణంల చూస్తె గదే పువ్వు, గదే రెక్క, గదే వంపు. వాని మగ్గాల మీద నేసుకుంటున్నడు.”

“ఇంట్లకెళ్ళే పోయిందంటవా?”

పర్శరాములు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించిండు. “చిన్న కోడలు నవత తల్లిగారిల్లు చొప్పదండి. వాళ్ళ బాపు రామచంద్రం గూడ మగ్గాలు నడిపిస్తడు. నేనేమన్లే. ఇంట్ల అందరంటున్నరు.”

హనుమండ్లు కెమెరా దిక్కు చెయ్యి చాపిండు. పర్శరాములు గబుక్కున పక్కకు జరిగి, “సరే, నేను గూడ అన్న” అన్నడు.

“ఆ పిల్లను తోల్కరా. ఒక్క నిమిషంల చెప్త.”

“ఒక్కదాన్ని నిలవెడితే దొంగ అని ముందే అన్నట్టు కాదా? మా కులంల గట్ల నడవది. ప్రమాణమంటే ఇల్లిల్లంత చెయ్యాలె. మా గడప లోపల, మగ్గాల నడుమ, అందరం ఒక్క ఫోటోల ఉండాలె. ఆ ఫోటో మా గోడకెక్కాలె. ఆదివారం రామచంద్రం ఆటో కట్టుకొని వస్తడట. తప్పు లేదని తేలితే బిడ్డను ఉంచుతడట. తేలకపోతే తీస్కపోతడట. ఉన్నదని తేలిందనుకో, మేమే పంపుతం. మల్ల ఏ సాలె ఇంట్ల గూడ ఆమె చెయ్యి మగ్గం మీద పడనియ్యరు.”

హనుమండ్లు ఆలోచనలో పడ్డడు. పర్శరాములు ఇల్లు ఆయనకు తెలుసు. రెండు షెడ్ల నడుమ సందు లాంటి వాకిలి, వెనక గోడ. లెన్సు నంబరు తగ్గినకొద్ది వెడల్పు పెరుగుతది, ఆయన దగ్గరున్నది యాభై. అది నలుగురి కంటే ఎక్కువ మందిని పట్టదు. అందరూ పట్టాలంటే వెనక్కి జరగాలె. వెనక్కి జరిగితే గోడ.

“రెండు ఫోటోలు తీసి అతికియ్యరాదే?” అన్నడు పర్శరాములు.

“అతికిచ్చిన కాడ ఎవడో ఒకడు జారిపోతడు.”

“ఫోన్ల మస్తు వెడల్పు వస్తది గదా?”

“ఫోన్ల ఎప్పుడైన ఒక్కటే బొమ్మ. లంగగాడు గూడ పెండ్లికొడుకు లెక్క వస్తడు. వెడల్పు లెన్సు దొరకవట్టాలె. ఆదివారం వస్త, పో.”

వెడల్పు లెన్సు అంటే కిరాణ దుకాణంలో దొరికే సామాను కాదు. కరీంనగర్‌లో కెమెరా దుకాణాలన్నీ తిరిగితే, “రీలు కెమెరకా? మా తాతను లేపి అడగాలె” అని నవ్విన్రు. చివరికి ఫోన్‌లో, పాత సామాను అమ్ముకునేటోళ్ళ గ్రూపులో, బోథ్ నుంచి సదానందం అనే రైతు పెట్టిన ఫోటో కనబడ్డది. రేకు పెట్టె, అందులో మూడు లెన్సులు, సైజు తెలియడానికి పక్కన ఒక పత్తికాయ. మా అన్న అడవులు పట్టుకొని తిరిగి ఫోటోలు తీసేటోడు, ఆయన పోయిండు, మాకివి ఎందుకు, అని కింద రాసిండు. హనుమండ్లుకు మొదటి అనుమానం అక్కడే మొదలైంది. లోకంలో సైజు చూపెట్టనీకి అగ్గిపెట్టె పెడ్తరు, పెన్ను పెడ్తరు. పత్తికాయ ఎందుకు పెట్టిండు? అది ఎదిగిన కాయనా, ఎదగని కాయనా? దేనితోని కొలవాలె?

“నీకు అమ్మేటోని మీద అనుమానం, పత్తికాయ మీద అనుమానం,” అన్నది దేవవ్వ సద్ది కట్టిస్తూ. “బస్సు డ్రైవర్‌ను గూడ చూసి ఎక్కు.”

చూసే ఎక్కిండు. రాత్రి మంచిగ పండుకున్నవా అని అడిగితే డ్రైవర్ పండుకున్న అన్నడు, బొమ్మ ఒక్కటే వచ్చింది. నిర్మల్ ఘాటు ఎక్కుతుంటే బస్సు ఎంత నిట్టనిలువుగ లేచిందంటే ముందు సీటు ముసలమ్మ కోడిపెట్ట వెనక సీటోళ్ళ ఒడిలో గుడ్డు పెట్టింది. హనుమండ్లు మాత్రం కెమెరా సంచిని కడుపుకు హత్తుకొని, పక్క సీటాయన ఆ సంచి దిక్కు ఎన్నిమార్లు చూస్తుండో కనిపెట్టుకుంట బోథ్ దాకా కూసున్నడు.

సదానందం వాకిలి నిండ పత్తి కుప్ప. ఇంటి ముందు రెండు ఎద్దులు. ఆయన భార్య శంకరవ్వ జొన్నరొట్టె, ఠేచా అనే దంచిన పచ్చిమిరప కారం పెట్టింది. హనుమండ్లు రొట్టెను గూడ వెలుతురుకు ఎత్తి చూసి తిన్నడు. సదానందం రేకు పెట్టె తెచ్చి మంచం మీద పెట్టిండు. మరాఠీ సరిహద్దు మనిషి, అన్నా అనేదానికి భావూ అంటడు.

“చూడు భావూ. మూడు మూడు తీర్ల లెన్సులు. నీ కెమెరకు మూడు పడ్తయి.”

లెన్సు చూసుడులో హనుమండ్లును మించినోడు వింధ్య పర్వతాలకు ఇవతల లేడు. వాసన చూసి అది ఏ దేశంలో ఏ వానకాలం తడిసిందో చెప్పేటోడు. టార్చి వేసి గాజు లోపల సాలెగూడు లాంటి బూజు పట్టిందేమో చూసిండు, చెవి దగ్గర ఊపి లోపల ఏదన్న ఊడిందేమో విన్నడు, వెలుతురు తగ్గించే లోపలి రేకులు మూసి తెరిచి నూనె అంటిందేమో చూసిండు. ఆ తర్వాత సదానందాన్ని, శంకరవ్వను, పత్తి కుప్పను, ఎద్దులను ఒక్క వరుసలో పెట్టి, ఒక్కొక్క లెన్సుకు ఎంత పడుతదో చూడబట్టిండు. ఇరుకు వాకిలి కొలత గుర్తుండాలని తన వీపును గోడకు ఆనించుకున్నడు.

మొదటిది రష్యా లెన్సు, ముప్పై ఐదు. గట్టిది. దీంట్లో మొగడు పెండ్లాలు పడ్డరు, పత్తి కుప్ప పడ్డది, ఒక ఎద్దు పడ్డది. రెండో ఎద్దుకు కొమ్ములే వచ్చినయి. హనుమండ్లు లెక్క వేసుకున్నడు. ఇంటి ఫోటోలో చివర నిలబడేది ఎవరు? నడుమ అత్త, మామ. పక్కన కొడుకులు. కోడళ్ళు ఎప్పుడైనా అంచుల్లోనే నిలబడ్తరు. ఈ లెన్సు పెడితే కొమ్ముల లెక్క నవత కొంగు ఒక్కటే వస్తది. దాన్ని పక్కన పెట్టిండు.

రెండోది జపాన్ లెన్సు, ఇరవై ఒకటి. మరక లేదు, గీత లేదు, గాజులోకి చూస్తే కడిగిన ఆకాశం. దాన్ని బిగించి, కెమెరా పైన ఎంత వెడల్పు పడుతదో చూపెట్టే చిన్న కిటికీ పెట్టి చూస్తే రెండు ఎద్దులు, వేపచెట్టు, పక్కింటోళ్ళ ట్రాక్టరు, ఆఖరుకు హనుమండ్లు కాలి బొటనవేలు గూడ వచ్చినయి. ఆయన పానం లేచొచ్చింది. పసుపు గడిలోకి చూసిండు. సదానందం రెండు. శంకరవ్వ రెండు. ఎద్దులు నాలుగు. పత్తి కుప్పలు రెండు. ఎంత తిప్పినా ఒక్కటి కావు.

“ఎద్దులు గూడ అబద్ధమాడుతున్నయా మీ ఊర్లె?”

“ఎద్దులనేమనకు. గా లెన్సు నీ కెమెరతోని మాట్లాడది భావూ,” అన్నడు సదానందం. “వెనక ఇత్తడి వలయం ఉండాలె. లెన్సు తిప్పితే అది లోపలి పుల్లను తొయ్యాలె, పుల్ల కదిలితేనే బొమ్మలు దగ్గరికొస్తయి. దీనికి గా వలయమే లేదు. దూరం నువ్వే కంటితోని అంచనా కట్టి పెట్టుకోవాలె. ఫోటో మాత్రం అద్దం లెక్క వస్తది. మా అన్న అడవిల గిదే వాడేటోడు. చెట్లను ఎవలు అనుమానిస్తరు చెప్పు?”

హనుమండ్లు చాలాసేపు ఆ లెన్సును చేతిలోంచి దించలే. అంత అందమైన గాజు ఆయన బతుకులో ముట్టుకోలే. కానీ దాన్ని పెట్టుకొని పర్శరాములు వాకిట్ల నిలబడితే ఇల్లిల్లంత దొంగలే. అందరూ దొంగలైతే ఇక తీర్పేముంటది? బరువుగ కింద పెట్టిండు.

మూడోది మల్ల రష్యాదే, ఇరవై ఎనిమిది. అరచేతిలో దాగేంత చిన్నది, ముందు కన్ను కందిగింజంత. వెనక ఇత్తడి వలయం ఉన్నది. ఎద్దులు రెండూ నిండుగ పడ్డయి. గడిలో సదానందం జరుక్కుంట వచ్చి ఒక్కటైండు.

“లోపల బూజు ఉన్నదా?” అడిగిండు హనుమండ్లు గడిలోంచే.

“అజిబాత్ లేదు, ఇసుమంత గూడ లేదు.”

సదానందం రెండై విడిపోయిండు.

“మల్ల చెప్పు.”

“అరే బాబా, జరంత ఉన్నది. పొగ పట్టినట్టుంటది. సూర్యునికి ఎదురుగ పెడితే ఫోటో మొత్తం తెల్లగ కమ్ముతది. సూర్యుడు నీ వీపు మీద ఉంటే ఏం గాదు.”

ఒక్కటైండు.

అయినా హనుమండ్లు అనుమానం తీరలే. ఇంత పొగలోంచి చూస్తే చిన్న అబద్ధం కనబడకుండ పోతే? సదానందం విసుక్కొని కెమెరా గుంజుకున్నడు. “నువ్వు నిలబడు, నేను చూస్త. మా ఆడామె చేసిన రొట్టె ఎట్లున్నది?”

“అమృతం.”

“రెండున్నవ్ భావూ.”

లోపలి నుంచి శంకరవ్వ గరిటె పట్టుకొని బయటికొచ్చింది. హనుమండ్లు ఆమెను చూసిండు, గరిటెను చూసిండు.

“ఉప్పు జర ఎక్కువైంది చెల్లె.”

“ఒక్కటైండు,” అన్నడు సదానందం. “లెన్సు పని చేస్తుంది.”

అట్ల ఎన్నుకున్నడు హనుమండ్లు ఆ పొగపట్టిన లెన్సును.

ఆదివారం పొద్దెక్కే వరకు సిరిసిల్లలో దిగిండు. పర్శరాములు ఇంటి ముందు ఆటో ఆగి ఉన్నది. అందులో రామచంద్రం కూసున్నడు. నింద పడ్డ ఇంటి గడప తొక్కనని, చాయ్ పంపితే గూడ ముట్టలే. లోపల తులసి గద్దె పక్కన నవత సంచి కట్టి పెట్టి ఉన్నది. ఇంటి పెద్దామె ఐలవ్వ, పర్శరాములు భార్య, హనుమండ్లుకు చెంబెడు చల్ల తెచ్చిచ్చింది. “ఎండల పడి వచ్చినవు బిడ్డా, తాగు” అన్నది. ఆయన అలవాటుగ చెంబులోకి తేరిపార చూసి తాగిండు.

మగ్గాలు బందు పెట్టిన్రు. పొద్దంత టకటకలాడే ఇల్లు ఒక్కసారి సప్పుడు ఆగితే ఎట్లుంటదో వినాలంటే సిరిసిల్ల పోవాలె. ఎవరు ఊపిరి తీసుకున్నా ఇంకొకరికి వినబడ్తది. సూర్యుడు తన వీపు మీద పడేటట్టు చూసుకొని హనుమండ్లు గోడకు ఆనుకున్నడు. అంటే ఎండ మొత్తం ఇంటోళ్ళ మొకాల మీదనే. నడుమ పర్శరాములు, ఐలవ్వ. ఒక పక్క పెద్ద కొడుకు రాయమల్లు, ఆయన పక్కన పెద్ద కోడలు రోజారాణి. ఇంకో పక్క చిన్న కొడుకు కుమార్, అంచులో నవత. ముందు పిల్లలు. పిల్లలకు ప్రమాణం లేదు గాని వాళ్ళు గూడ బిగుసుకుపోయి నిలబడ్డరు.

“కందిపువ్వు అంచు నేను ఎవలకు ఇయ్యలే, ఇచ్చినోళ్ళను ఎరుగ. అందరు ఒక్కటేసారి అనుండ్రి,” అన్నడు హనుమండ్లు.

అందరూ అన్నరు. హనుమండ్లు పైనున్న చిన్న కిటికీలోంచి చూసిండు. రెండు చివర్లూ పడ్డయి. కన్ను కిందికి దించి గడిలో చూడబట్టిండు. యాభై లెన్సు పెట్టినప్పుడు ఆయన ఎవరిని చూస్తుండో ఎవరికైనా తెలిసేది. కెమెరా మూతి ఎటు తిరిగితే అటే. ఈ వెడల్పు లెన్సుతో ఆ గుట్టు తెలియదు. కెమెరా అందరి దిక్కూ చూస్తున్నట్టే ఉంటది. ఎవరికి వాళ్ళకు, తన దిక్కే చూస్తున్నట్టుంటది.

మొదలు నవతను చూసిండు. ఒక్కటి. బిగించిన పడుగు పోగు లెక్క, తిన్నగ ఒక్కటే బొమ్మ.

అక్కడితో చెప్పేస్తే అయిపోవు. కానీ హనుమండ్లుకు లెన్సు మీద మల్ల అనుమానమొచ్చింది. పొగల అబద్ధం మునిగిపోయిందేమో, ఇంకో మనిషిని చూస్తే తెలుస్తది అనుకున్నడు. రాయమల్లు ఒక్కటే. రోజారాణి ఒక్కటే. కుమార్ ఒక్కటే. పర్శరాములు మీసంతో సహా ఒక్కటే. ఐలవ్వ దగ్గర ఆగిండు.

రెండు ఐలవ్వలు. తిప్పిండు. మల్ల తిప్పిండు. రెండే.

తగాదాలు తీర్చుడులో జిల్లాలకు జిల్లాలు గెలిచిన మనిషి, ఆ ముసలామె చేతి చల్ల ఇంకా నోట్లో పుల్లగ ఉండంగ, పేరు చెప్పలేకపోయిండు. కన్ను తియ్యకుండనే అన్నడు: “ఒకలు కుదుర్తలేరు. కుదిరేదాక నేను బటన్ ఒత్తను. ఎవలన్నది వాళ్ళకే ఎరుక.”

ఎండ. చెమట. ఎవరూ కదలలే. నింద నవత మీద ఉన్నదన్న సంగతి మరిచిపోయి ఎవరి కడుపు వాళ్ళు తడుముకోబట్టిన్రు.

ముందుగ రాయమల్లు గొంతు సవరించుకున్నడు. “బాపు… నేను వేములవాడ గుడికి పోతున్నని చెప్పి ప్రతి సోమారం కల్లు మండువకు పోతున్న.”

“నీ సోమారం పాడుగాను!” అన్నది రోజారాణి. “విభూతి గూడ పెట్టుకొస్తివి గదయ్యా!”

“గది సంచిల పెట్టుకొని పోయేది.”

“ఇంకా కుదరలే,” అన్నడు హనుమండ్లు.

రోజారాణి కొంగుతో మొకం తుడుచుకున్నది. “నేనే గావచ్చు. నవత స్నానానికి పోయినప్పుడు ఆమె పెట్టె తెరిచి చూసిన. అంచు ముక్క దొరుకుతదేమోనని. ఏం దొరకలే. దొరకలేదని ఎవలకు చెప్పలే.”

నవత తల తిప్పలే. ఆటోల రామచంద్రం దగ్గు వినబడ్డది.

“కుదరలే.”

పర్శరాములుకు కోపమొచ్చింది. “నా దిక్కు చూస్తున్నవా ఏంది? నాకేం లేదు. అంటే… అంచు నేను ఒంటిగ గీసిన్నని చెప్పిన గాని, రెక్క వంపు చిన్న కోడలు దిద్దింది. గది చెప్పలే. గంతే.”

“కుదరలే.”

అప్పుడు కుమార్ అన్నడు. అందరి కంటే చిన్నగ అన్నడు గాని, మగ్గాలు ఆగిన ఇల్లు గదా, గడప అవతల దాకా వినబడ్డది. “అవ్వ, బాపు నిన్ను అన్నప్పుడు నేను కాదని కొట్లాడలే. ఎందుకంటే… నాకు గూడ ఒక్కదినం అనుమానమొచ్చింది. నువ్వే ఇచ్చినవేమో అనుకున్న, నవతా.”

అప్పటిదాక నిట్టనిలువుగ నిలబడ్డ నవత మొగని దిక్కు తిరిగి చూసింది. ఆ చూపు కుమార్ తట్టుకున్నడో లేదో గాని, పక్కనున్న ఐలవ్వ తట్టుకోలేకపోయింది.

“అయ్యో, ఆపుండ్రి,” అన్నది. “నేను. నేనే.”

“నీకేమైందే?” అన్నడు పర్శరాములు.

“కొత్త అంచు పడితే తొలి చీర పోచమ్మకు కట్టుడు మన ఇంటి ఆచారం గదా. ఈసారి నువ్వు వద్దంటివి. సీజన్ అయినంక ఇద్దామంటివి. నాకు భయమైంది. తొలి చీర చిక్కు పడి ఖరాబైందని, పొయ్యిల వేసిన్నని నీకు చెప్పి, కొంగు చాటున తీస్కపోయి అమ్మకు కట్టి వచ్చిన.”

రాయమల్లు నెత్తి పట్టుకున్నడు. “అవ్వా! అమ్మకు పెట్టిన చీరలు గుడోళ్ళు వేలం వేస్తరు గదనే! ఎవలన్న పాడుకోవచ్చు. చొప్పదండోడు పాడుకొని పోగు పోగు లెక్కవెట్టుకున్నడు.”

“అమ్మ కట్టుకుంటదనుకున్న. అమ్ముతరని నాకేమెరుక?” అన్నది ఐలవ్వ. “కానీ చొప్పదండిల కనవడ్డదన్న దినమే నాకు గుబులైంది బిడ్డా. మీరంత నవత నవత అంటుంటే నోరు తెరవలేకపోయిన. ముసలిదాన్ని ఏమంటరో అని.”

గడిలో రెండు ఐలవ్వలు వణుక్కుంట దగ్గరికి వచ్చి ఒక్కటైన్రు.

పర్శరాములు భార్యను ఎట్ల తిట్టుతడు? పోచమ్మకు చీర వద్దన్న పాపం తనది. మీసం చేత్తో నిమురుకొని, నవత దిక్కు తిరగకుండనే అన్నడు: “నవతా, సంచి లోపల పెట్టమ్మ. అయిందేదో అయింది. కోపముంచుకోకు. వియ్యంకుని లోపలికి పిలువుండ్రి, చాయ్ పెట్టుండ్రి.”

“కోపమేం లేదు మామ,” అన్నది నవత. “ఉంట.”

రోజారాణి హమ్మయ్య అన్నది. కుమార్ ఊపిరి వదిలిండు. పిల్లలు నవ్విన్రు. ఫోటోకు ఇంతకంటే మంచి గడియ ఉండదు. హనుమండ్లు వేలు బటన్ మీద పెట్టి, అలవాటు కొద్ది ఆఖరిసారి గడిలో అంచు దిక్కు చూసిండు.

రెండు నవతలు.

ఇక్కడ ఆ వెడల్పు లెన్సు గుణం ఒకటి చెప్పాలె. అట్లాంటి ఎండలో, రేకులు బాగ మూసి తీస్తే, దగ్గరోడు దూరపోడు అందరూ గీత గీసినట్టు స్పష్టంగ వస్తరు. గడిలో కలవకున్నా కాగితం మీద తేడా తెలవది. ఒక్క వేలు కదిలిస్తే అయిపోవు. నవ్వుతున్న ఇల్లు, నవ్వుతున్న కోడలు, గోడ మీద నిండుగ ఉండేది. ఆయన తీసిన లక్షోపలక్ష ఫోటోల్లో మంచి ఫోటో అదే అయ్యేది.

హనుమండ్లు వేలు బటన్ మీదనే ఉన్నది. ఒత్తలే.

“ఇంకా ఒకలు కుదుర్తలేరు,” అన్నడు.

“ఇంకెవలయ్యా!” పర్శరాములు అరిచిండు. “ఉన్నదంత కక్కినం గదా! రాయమల్లూ, మంగళారం గూడ పోతున్నవారా?”

“పోచమ్మ తోడు, సోమారమొక్కటే బాపు!”

నవత లెన్సు దిక్కు చూసింది. కందిగింజంత గాజు. అది తన దిక్కే చూస్తున్నదని ఆమెకు తెలిసిపోయింది. కొంగు సర్దుకున్నది.

“నేనే,” అన్నది. “కోపమున్నది మామ. మస్తున్నది. నన్ను దొంగ అన్నరు. అక్క నా పెట్టె తెరిచింది, దొరకలేదన్న మాట గూడ నాకు చెప్పలే. అత్తమ్మ నిజం కొంగుల కట్టుకొని నా ఎదురుంగనే తిరిగింది. మీరు నా చేతి వంపును మీదని చెప్పుకున్నరు. ఈయన నా పక్కల పండుకొని అనుమానపడ్డడు. ఇయ్యాల సంచి లోపల పెడితే, రేపు ఇంకేదన్న పోయినప్పుడు మల్ల నన్నే ఎండల నిలవెడ్తరు. నేనుండ. మా బాపు తోలుకపోతుండని కాదు, నేనే పోత. చొప్పదండిల నా మగ్గం నేను పెట్టుకుంట. నా అంచు నేను గీసుకుంట.”

ఐలవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. పర్శరాములు మీసం మీది నుంచి చెయ్యి దించిండు. గడిలో రెండు నవతలు ఒకరి మీదికి ఒకరు వచ్చి, కళ్ళు కళ్ళల్లో, ముక్కుపుడక ముక్కుపుడకలో కుదిరి, ఒక్కటైన్రు.

హనుమండ్లు బటన్ ఒత్తిండు.

ఆ సప్పుడు ఎంత చిన్నదంటే, మగ్గాలు ఆగి ఉండబట్టి గాని, లేకపోతే ఎవరికీ వినబడకపోవు. నవత వరుసలోంచి బయటికొచ్చింది. అత్త కాళ్ళకు వంగి దండం పెట్టింది. తులసి గద్దె పక్కనున్న సంచి భుజానికి వేసుకొని, పిల్లల తల నిమిరి, గడప దాటింది. వెనక నుంచి ఎవరూ పిలవలే. పిలిచే హక్కు తమకుందా అని ఎవరికి వాళ్ళకు అనుమానమే.

ఆటోల రామచంద్రం జరిగి బిడ్డకు జాగ ఇచ్చిండు. ఆమె ఎక్కి సంచిని పక్కన పెట్టుకున్నది. డ్రైవర్ ఆటో స్టార్ట్ చేసిండు.

కుమార్ గడప మీద నిలబడి ఉన్నడు. లోపల అవ్వ, బయట ఆటో. నవత రమ్మనలే, వద్దనలే. రోడ్డు దిక్కే చూసుకుంట, పక్కన సీటు మీద పెట్టిన సంచిని తీసి ఒళ్ళో పెట్టుకున్నది.

కుమార్ చెప్పులు వేసుకోనీకి గూడ ఆగలే, ఉరికి పోయి ఆ ఖాళీ జాగల కూసున్నడు.